హయ్యరు అయ్యగారి మూడవ ప్రయాణము

ధ్యానమునకు: యెహోషువ 14:6–12, మత్తయి 25:14–30, 1 పేతురు 4:10



మన సంఘములలో రెండు మాటలు తరచుగా వినుచుందుము. తమ సమయము ఇంకను రాలేదని యౌవనులు చెప్పుదురు. తమ సమయము దాటిపోయినదని వృద్ధులు చెప్పుదురు. ఈ రెంటి నడుమ ప్రభువు పని నిలిచిపోవుచున్నది. ఇట్టి తలంపు మనలో పుట్టినప్పుడు, అమెరికా లూథరన్ సంఘము మన దేశమునకు పంపిన మొదటి మిషనెరీయైన జాన్ క్రిస్టియన్ ఫ్రెడరిక్ హయ్యరు అయ్యగారిని జ్ఞాపకము చేసికొనుట మనకు మేలు.

ఆయన 1793లో జర్మనీ దేశమందు హెల్మ్‌స్టెట్ పట్టణమున జన్మించెను. 1807లో, బాలుడుగా నుండగానే, అమెరికాకు పంపబడెను. 1820లో బోధకాభిషేకము పొంది, కొత్తగా వలసవచ్చిన కుటుంబముల నడుమ ఊరూర తిరుగుచు వాక్యము ప్రకటించెను. ఆదివారపు బడులు స్థాపించెను. 1839లో ఆయన భార్య ప్రభువునందు నిద్రించెను. ఇక విశ్రమించినను ఆయనను తప్పుపట్టువారు లేరు. అయినను 1841లో బోస్టను రేవులో ఓడ నెక్కి, 1842 జూలై 31న గుంటూరు చేరెను. అప్పటికి ఆయనకు 49 యేండ్లు నిండినవి. జిల్లా కలెక్టరుగా నుండిన స్టోక్సు దొరగారు ఆయనను ఆదరించిరి. బాలురకును బాలికలకును బడులు ఏర్పడెను.

ఆరోగ్యము చెడి స్వదేశమునకు వెళ్లినప్పుడు ఆయన ఊరకుండలేదు. ఇచ్చటి రోగుల బాధలను కన్నులార చూచినవాడు గనుక, 50 యేండ్లు దాటిన తరువాత విద్యార్థియై బాల్టిమోరులో వైద్యశాస్త్రము చదివి, 1847లో పట్టము పొందెను. 1848లో రెండవమారు గుంటూరునకు వచ్చెను. మరుసటి సంవత్సరము పలనాటిలోని గురజాలకు వెళ్లి, అచ్చటి పల్లెలలో వాక్యపరిచర్యయు వైద్యపరిచర్యయు కలిపి జరిగించెను. 1857లో మరల అమెరికాకు వెళ్లి మిన్నెసోటా ప్రాంతమున సంఘములను కూర్చెను.

అయితే ఆయన జీవితమున మనలను మిక్కిలి కదిలించునది మూడవ ప్రయాణము. అంతర్యుద్ధము తరువాత అమెరికాలోని లూథరన్ సంఘములు చీలిపోయెను. ధనమును పనివారును కొరవడిరి. రాజమహేంద్రవరము మిషనును చర్చి మిషనెరీ సొసైటీ వారికి అప్పగింప నాలోచించిరి. అది వినిన హయ్యరు అయ్యగారు 1869లో రీడింగ్ పట్టణమున కూడిన పెన్సిల్వేనియా సినడు ఎదుట నిలిచి, ఆ పొలమును విడువవద్దని బతిమాలుకొనెను. పంపుటకు మనుష్యుడు లేడను చిక్కు రాగా, తానే వెళ్లుదునని చెప్పెను. అది ఆయనకు 76వ యేడు.

ఆ సంవత్సరము డిసెంబరు 1న ఆయన రాజమహేంద్రవరము చేరెను. ఆ వయస్సున ఆయనకు మునుపటి దేహబలము లేదు. కాని తెలుగు భాష తెలియును. ప్రజల వాడుక తెలియును. చెదరిన సంఘమును కూర్చు ఓర్పు కలదు. యౌవనుడు అప్పటికప్పుడు తేజాలనివాటినే ఆయన తెచ్చెను. 1870లో ష్మిట్టు దొరగారు రాగా, ఆ వృద్ధుడు పనిని కాపాడి ఆయన చేతికప్పగించి 1871 ఆరంభమున వెళ్లిపోయెను. తుదకు ఫిలడెల్ఫియాలోని వేదశాస్త్ర కళాశాలలో విద్యార్థుల నడుమ నివసించి, 1873 నవంబరు 7న 80వ యేడు నిండినవాడై మరణించెను. ఆయన దున్నిన గుంటూరు పొలమును, ఆయన నిలిపిన రాజమహేంద్రవరపు పొలమును, 1927లో ఏర్పడిన ఆంధ్ర సువిశేష లూథరన్ సంఘమున ఏకమాయెను.

ప్రియులారా, కాలేబు 85 యేండ్ల వయస్సున విశ్రాంతి నడుగలేదు, కొండసీమ నడిగెను. మనమందరము సముద్రములు దాటుటకు పిలువబడలేదు. మంచము దిగలేనివారిని నిందించుటకు ఈ కథ వ్రాయలేదు. మన వరము మన సొత్తు కాదు, గృహనిర్వాహకులమైన మనకు అప్పగింపబడినది అని చెప్పుటకే వ్రాయుచున్నాము. 49వ యేట భాష, 53వ యేట వైద్యము, 76వ యేట అనుభవము: వయస్సు మారినకొలది ఆయన వరము మారెను గాని, దాని నిచ్చినవాడు మారలేదు.

మన సంఘములో గౌరవముతో కుర్చీ వేసి కూర్చుండబెట్టి, పని మాత్రము అప్పగింపక విడిచిన పెద్దలున్నారా? బైబిలు కథలు కంఠస్థముగా నెరిగిన అవ్వను ఆదివారపు బడికి పిలిచితిమా? ఇంకను చిన్నవాడని మనము ప్రక్కకు నెట్టిన యౌవనుడున్నాడా? ఈ మాసమున ఒక్కొక్కరము మన చేతిలోని తలాంతును చూచుకొందము. అది భూమిలో దాగియున్నయెడల నేడే త్రవ్వి తీయుదము.

ప్రభువు మనకు అట్టి సిద్ధమనస్సు ననుగ్రహించును గాక. ఆమేన్.