గ్లెన్ కర్టిస్

కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి పోవు బాటపై మోటారుసైకిలు నేడు ఎవరికిని వింత కాదు. ఆ వాహనము పుట్టిన తొలి దినములలోనే దానిపై గంటకు 219 కిలోమీటర్ల వేగమున దూసికొనిపోయిన సాహసి యొకడుండెను. ఆ వేగమున కామారెడ్డి నుండి హైదరాబాదు చేరుటకు రమారమి అరగంట చాలును.

గ్లెన్ కర్టిస్ 1878 మే 21వ తేదీన అమెరికాలోని హామండ్స్‌పోర్టు అను చిన్న ఊరిలో జన్మించెను. పసితనముననే తండ్రి గతించెను. చెల్లెలు రూథా జబ్బుచేసి వినికిడిని కోల్పోయెను. మీరిప్పుడు చదువుచున్న ఎనిమిదవ తరగతితోనే అతని చదువు ముగిసెను. సైకిలుపై తంతివార్తలు చేరవేయుచు, సైకిలు పందెములలో గెలుచుచు, తుదకు స్వగ్రామమున సైకిళ్ల దుకాణము పెట్టెను. సైకిలునకు యంత్రము తగిలింపవలెనను కోరిక కలిగినప్పుడు, ఇంధనమును గాలితో కలుపు భాగమును టమాటా డబ్బారేకుతో చేసికొనెనట!

అతని యంత్రములు తేలికయు, బలమును గలవి. అందుచే గాలిలో ఎగురు నౌకలను నిర్మించువారు వాటిని కోరిరి. అట్టి పనికై చేసిన ఎనిమిది సిలిండర్ల, 40 అశ్వశక్తుల యంత్రమును కర్టిస్ మోటారుసైకిలునకు బిగించెను. ఆ బలమునకు గొలుసు ఆగదని ఇనుపకడ్డీ ద్వారా చక్రమును త్రిప్పునట్లు అమర్చెను. 1907 జనవరిలో ఫ్లోరిడాలోని ఆర్మండ్ సముద్రతీరమున, తడి ఇసుకపై, రెండు మైళ్లు పరుగెత్తించి వేగము పుంజుకొని, ఆపై కొలిచిన మైలును 26.4 సెకండ్లలో దాటెను. తలకు శిరస్త్రాణమైనను లేదు! తిన్నని బాటపై కొలిచిన దూరమును దాటు డ్రాగ్ పందెములు అప్పటికింకను పుట్టలేదు.

తిరుగు పరుగున ఆ కడ్డీ కీలు విరిగెను. విరిగిన కడ్డీ కాళ్లప్రక్కనే గిరగిర తిరుగుచుండగా, చట్రము వంగిపోవుచుండగా, అతడు బెదరక బండిని నిలిపి ప్రాణములు దక్కించుకొనెను. రెండవ పరుగు పూర్తికానందున ఆ వేగము అధికారిక రికార్డుగా లెక్కకు రాలేదు.

పిదప అతని మనస్సు విమానములపైకి మరలెను. 1908 జూలై 4న 'జూన్ బగ్' అను విమానమును నడిపి బహుమతి గెలిచెను. 1911లో నీటిపై నుండి లేచు విమానమును ఎగురవేసెను. హక్కుల విషయమై రైట్ సోదరులతో వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగి అతనిని వేధించెను.

1930 జూలై 23న, శస్త్రచికిత్స పిదప, 52వ యేట కర్టిస్ మరణించెను. ఆ యేడాదియే జోసెఫ్ రైట్ అను ఆంగ్లేయుడు ఫ్రాన్సు దేశమున గంటకు 137 మైళ్లు దాటెను. అంతవరకు, అనగా 23 సంవత్సరములు, ఏ మోటారుసైకిలును కర్టిస్ వేగమును మించలేదు.