నల్ల గీతల్ని కొలతగా మార్చిన ఆస్టన్

ప్రకృతిలో దొరికే 287 ఐసోటోపుల్లో 212 ఫ్రాన్సిస్ విలియం ఆస్టన్ గుర్తించినవే. 1922లో ఆయనకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి తెచ్చింది ఆ కృషే. అయితే ఒక మూలకంలో ఏయే ఐసోటోపులు ఉన్నాయో చెప్పడం ఒక ఎత్తు, ఏది ఎంత పాలు ఉందో చెప్పడం మరో ఎత్తు. ఈ రెండోదానికి ఆయనకు మరో పదేళ్లు పట్టింది.

ఆస్టన్ 1877 సెప్టెంబరు 1న బర్మింగ్‌హామ్ పక్కనున్న హార్బోర్న్‌లో పుట్టారు. మేసన్ కాలేజీలో చదివి, మూడేళ్లు బీరు తయారీ సంస్థలో రసాయన శాస్త్రవేత్తగా పనిచేశారు. 1910లో కేంబ్రిడ్జిలోని కేవెండిష్ ప్రయోగశాలలో జె.జె. థామ్సన్‌కు సహాయకుడిగా చేరారు. నియాన్ వాయువును పరీక్షించినప్పుడు 20 దగ్గర రావాల్సిన గీతతో పాటు 22 దగ్గర మరో పలచని గీత కనిపించింది. అదేమిటో తేల్చేలోపే మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. యుద్ధం ముగిశాక, 1919లో ఆయన తన తొలి మాస్ స్పెక్ట్రోగ్రాఫ్‌ను నిర్మించారు.

విద్యుదావేశం ఉన్న పరమాణువులను అంటే అయాన్లను అది విద్యుత్, అయస్కాంత క్షేత్రాల గుండా పంపి, బరువును బట్టి విడదీస్తుంది. ఒక్కో బరువు అయాన్లు ఫొటోగ్రాఫిక్ ప్లేటుపై ఒక్కోచోట పడి నల్లటి గీత గీస్తాయి. గీత ఎక్కడుందో చూస్తే బరువు తెలుస్తుంది. ఎంత నల్లగా ఉందో చూస్తే పాళ్లు తెలియాలి. చిక్కు అక్కడే వచ్చింది.

అయాన్లు రెట్టింపైతే నలుపు రెట్టింపు కాదు. కొంత దూరం పెరిగి, ఆ తర్వాత మందగిస్తుంది. ఒకే శక్తి ఉన్నా బరువైన అయాన్లు తేలిక వాటికన్నా తక్కువ ముద్ర వేస్తాయి. పైగా ఏ రెండు ప్లేట్లూ అచ్చం ఒకేలా ఉండవు. కంటితో చూసి వేసిన అంచనాలు అందుకే మోసం చేసేవి.

దీనికి మార్గం ప్లేటునే ముందు పరీక్షించడం. ఎంత తాకిడికి ఎంత నలుపు వస్తుందో ఫొటోమీటరుతో కొలిచి గ్రాఫ్ గీయాలి. ఆపైన ఆ గ్రాఫ్ సాయంతో తెలియని గీతల నలుపును అయాన్ల సంఖ్యగా మార్చాలి. ఒకే మూలకపు ఐసోటోపుల బరువులు దగ్గరదగ్గరగా ఉంటాయి కాబట్టి ప్లేటు వాటన్నిటికీ ఇంచుమించు ఒకేలా స్పందిస్తుంది. స్వయంగా మంచి ఫొటోగ్రాఫర్ అయిన ఆస్టన్‌కు ఈ ఓపిక పని కొత్త కాదు.

1930లో ఆయన క్రిప్టాన్, జీనాన్, పాదరసాల పరమాణు భారాలను ఇలా లెక్కగట్టారు. అప్పటి పట్టికల్లో క్రిప్టాన్‌కు 82.9, జీనాన్‌కు 130.2 ఉండేవి. వాయువుల సాంద్రతను కొలిచి రసాయన శాస్త్రవేత్తలు తేల్చిన అంకెలవి. ఆస్టన్‌కు వచ్చినవి 83.77, 131.27. ఒక్క శాతం తేడా అంటే ఈ రంగంలో చాలా పెద్దది. తప్పు ఫొటో ప్లేటుదా, సాంద్రత కొలతదా? సాంద్రతలను తిరిగి కొలిచాక పట్టికలే మారాయి. నేటి విలువలు 83.80, 131.29.

పాళ్ల విలువ రసాయన శాస్త్రానికే పరిమితం కాలేదు. 1929లో నార్వే ఖనిజంలోని సీసంలో ఆస్టన్ తేల్చిన నిష్పత్తుల ఆధారంగా, భూమి వయసు 340 కోట్ల ఏళ్లకు మించదని రూథర్‌ఫర్డ్ అంచనా వేశారు. అసలు వయసు సుమారు 454 కోట్ల ఏళ్లని తర్వాత తేలింది. కానీ దారి మాత్రం అదే.

ప్లేటుకు హద్దులూ ఉన్నాయి. 1931లో యురేనియంలో ఆస్టన్‌కు 238 ఒక్కటే కనిపించింది. వెయ్యిలో ఏడు పాళ్లే ఉండే 235ను 1935లో షికాగోలో డెంప్‌స్టర్ పట్టుకున్నారు. అణుబాంబుకు ఆధారమైంది ఆ ఐసోటోపే. దాని పాళ్లను 1939లో ఆల్‌ఫ్రెడ్ నీర్ ప్లేటు లేకుండా, అయాన్ల విద్యుత్ ప్రవాహాన్నే కొలిచి కచ్చితంగా తేల్చారు. పాళ్ల లెక్కలో ఫొటో ప్లేటు క్రమంగా వెనక్కి తగ్గింది.

పెళ్లి చేసుకోని ఆస్టన్ 1945 నవంబరు 20న కేంబ్రిడ్జిలో కన్నుమూశారు. పరికరాలు మారినా ఆయన పాటించిన నియమం ప్రయోగశాలల్లో నిలిచింది: సాధనం చూపించే అంకెను నమ్మేముందు ఆ సాధనాన్నే కొలవాలి.