సర్ ఆర్థర్ కాటన్

సర్ ఆర్థర్ థామస్ కాటన్ (మే 15, 1803 - జూలై 24, 1899) బ్రిటిషు సైనిక ఇంజనీరు. ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాతగా సుప్రసిద్ధుడు. గోదావరి జిల్లాలలో ఈయనను కాటన్ దొర అంటారు. విశాఖపట్నం తీరాన్ని సముద్రపు కోత నుండి కాపాడుటకు ఈయన చేసిన పని, కరీంనగర్, ఆదిలాబాదు ప్రాంతాల వరకు గోదావరిలో పడవలు నడపాలన్న ప్రయత్నం మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

తొలి జీవితం

హెన్రీ కాల్వెలీ కాటన్ పదకొండుగురు కుమారులలో ఈయన పదవవాడు. ఆడిస్కోంబ్‌లోని ఈస్టిండియా కంపెనీ సైనిక విద్యాలయంలో చదివి, 1821లో మద్రాసు చేరాడు. మొదటి బర్మా యుద్ధంలో పాల్గొన్నాడు. కావేరిపై చోళులు కట్టిన కల్లణైని పరిశీలించి, రాతినేల అందని లోతైన ఇసుకలో సైతం పునాది నిలుస్తుందని గ్రహించాడు. ఆ అనుభవంతోనే 1836లో కొల్లిడంపై ఆనకట్టలు నిర్మించాడు.

విశాఖపట్నం తీరం

ఎండలో తిరిగి ఆరోగ్యం చెడినందున కొంతకాలం సెలవుపై వెళ్ళి, 1841లో ఎలిజబెత్ లెర్మంత్‌ను వివాహమాడాడు. తిరిగి వచ్చిన పిమ్మట విశాఖపట్నంలో నియమితుడయ్యాడు. అక్కడ ఒక చర్చిని నిర్మించాడు. పట్టణంవైపు చొచ్చుకువస్తున్న సముద్రాన్ని ఆపుటకు తీరం నుండి నీటిలోకి అడ్డుకట్టలు వేయించాడు. వీటిని గ్రోయిన్లు అంటారు.

గ్రోయిన్ సముద్రాన్ని వెనక్కు నెట్టదు, ఇసుకను పట్టి నిలుపుతుంది. అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతున్నందున ఇసుక తీరం వెంబడి కదులుతూ ఉంటుంది. మన తూర్పు తీరంలో ఏడాది మొత్తం మీద ఈ కదలిక దక్షిణం నుండి ఉత్తరానికే ఎక్కువ. నైరుతి రుతుపవనాల కాలంలో మరీ హెచ్చు. అడ్డుకట్ట వేస్తే దాని దక్షిణపు పక్క ఇసుక చేరి బీచి వెడల్పవుతుంది. అయితే ఉత్తరపు పక్కకు రావలసిన ఇసుక రాక అక్కడ కోత పడుతుంది. కనుక ఒక్క కట్టతో సరిపోదు, వరుసగా వేయాలి. చివరి కట్ట అవతల ఏమవుతుందో కూడా ఆలోచించాలి. 1933లో విశాఖ ఓడరేవు ప్రారంభమైనపుడు ఇదే సమస్య ఎదురైంది. రెండు పాత ఓడలను ముంచి అలల తాకిడికి అడ్డు ఏర్పరచారు. రేవు ముఖద్వారం వద్ద ఆగిన ఇసుకను డ్రెడ్జర్లతో తోడి ఉత్తరాన ఉన్న బీచికి చేర్చవలసి వచ్చింది.

ధవళేశ్వరం

1833 నాటి కరువు, 1839 నాటి తుపాను గోదావరి మండలాన్ని కుంగదీశాయి. కాటన్ 1844లో ఆనకట్టను ప్రతిపాదించి, 1847లో పని ప్రారంభించి, 1852 నాటికి పూర్తి చేయించాడు. నాలుగు పాయలపై కట్టిన ఈ ఆనకట్ట ఎత్తు తక్కువ. వరద దాని మీదుగా పొర్లేది, ఇసుక పోవడానికి అడుగున తూములుండేవి.

ఎగువ గోదావరి

నదిని జలమార్గంగా మార్చి మధ్య పరగణాల ప్రత్తిని సముద్రానికి చేర్చాలన్నది కాటన్ ఆశయం. దీనికి దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, ప్రాణహితపై దేవలమర్రి వద్ద ఉన్న మూడు రాతి అడ్డంకులను దాటాలి. ఇచ్చంపల్లి అప్పటి నిజాం రాజ్యంలో, తరువాతి కరీంనగర్ జిల్లాలోనిది. ప్రాణహిత పూర్వపు ఆదిలాబాదు జిల్లాకు ఎల్లగా ప్రవహించేది. 1860 ఒప్పందంలో నిజాం గోదావరి ఎడమగట్టు తాలూకాలను వదులుకున్నాడు. దుమ్ముగూడెంలో ఆనకట్ట, లాకులు వెలిశాయి. అయితే ఖర్చు పెరిగి, రైలు మార్గం ముందుకు రావడంతో 1871లో పథకాన్ని విరమించారు. ఇది కాటన్ జీవితంలో పెద్ద వైఫల్యమనే చెప్పాలి.

ఇసుక విషయంలో ఎగువకు, తీరానికి ఉన్న సంబంధం తరువాతి కాలంలో స్పష్టమైంది. 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ జలాశయం సామర్థ్యం మొదట 112 టి.ఎం.సి.లు. పూడిక చేరి 1994 సర్వే నాటికి అది సుమారు 90కి తగ్గింది. జలాశయాలలో ఆగిన మట్టి డెల్టాకు చేరదు. గోదావరి డెల్టా తీరం కొన్నిచోట్ల కోతకు గురికావడానికి పరిశోధకులు చూపే కారణాలలో ఇది ఒకటి. గ్రోయిన్లు వచ్చే ఇసుకను నిలపగలవే గాని, నది తేని ఇసుకను సృష్టించలేవు.

చివరి దశ

కాటన్‌కు 1861లో సర్ బిరుదు లభించింది. రైళ్ళకన్నా కాలువలే కరువును ఆపుతాయని వాదించి పలువురి విరోధం తెచ్చుకున్నాడు. 1878లో పార్లమెంటు సంఘం ఎదుట తన వ్యయాలకు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. 1899లో ఇంగ్లండులోని డార్కింగ్‌లో మరణించాడు. పాత ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయిన బారేజికి ఈయన పేరు పెట్టారు. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది.