తండయారుపేట నుంచి నల్లమలకు: ఏనుగుల వీరాస్వామి

శివరాత్రి, ఉగాది దగ్గరపడితే నల్లమల అడవిలో కాలినడక సందడి మొదలవుతుంది. ఆత్మకూరు వైపు నుంచి నాగలూటి, పెద్దచెరువు మీదుగా భక్తులు శ్రీశైలానికి నడుస్తారు. నీళ్లున్న చోట చెట్ల కింద రాత్రి గడుపుతారు. భీముని కొలను దగ్గర లోయలోకి దిగి, వాగు దాటి, మళ్లీ మెట్లెక్కుతారు. దాదాపు రెండు వందల ఏళ్ల కిందట ఈ దారిన వెళ్లి, చూసిందంతా తెలుగులో రాసిపెట్టిన వ్యక్తి మన చెన్నపట్నం వారే. ఆయన పేరు ఏనుగుల వీరాస్వామి.

వీరాస్వామి 1780 ప్రాంతంలో పుట్టారు. చిన్న వయసులోనే కొలువులో చేరి, తెలుగు, తమిళం, ఇంగ్లీషు భాషల్లో పట్టు సాధించి, మద్రాసు సుప్రీం కోర్టులో ఇంటర్‌ప్రెటర్ అయ్యారు. ఒకరి మాట మరొకరికి తప్పు పోకుండా చెప్పడమే ఆయన ఉద్యోగం.

1830 మే 18 రాత్రి ఆయన కాశీయాత్రకు బయలుదేరి, ముందుగా తండయారుపేటలోని తన తోట ఇంటికి చేరారు. వెంట సుమారు వంద మంది. ఆయన ఎక్కువగా పల్లకీలో వెళ్లారు. నడిచినవారు బోయీలు, పరివారం. అంత మందికీ ప్రతి మజిలీలో నీళ్లు, వంట సరుకులు, తల దాచుకునే చోటు చూడాలి. అందుకే ఆయన రాతల్లో దేవుడితో పాటు దారీ కనిపిస్తుంది. ఊరికీ ఊరికీ దూరమెంత, బాట ఎలాంటిది, నీళ్లు మంచివా కావా, అంగళ్లు ఉన్నాయా అని రాసుకుంటూ పోయారు. శ్రీశైలం దారిలో అడవినీ చెంచులనూ గమనించారు. కర్నూలు నవాబు మనుషులు యాత్రికుల దగ్గర పన్ను వసూలు చేయడాన్నీ దాచకుండా రాశారు.

హైదరాబాదు, నాగపూరు, ప్రయాగల మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, పూరీ చూసుకుని, కోస్తా దారిన 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పదిహేను నెలలు దాటిన ప్రయాణమది. దారి పొడుగునా ఆయన రాసి పంపినవాటిని మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై భద్రం చేశారు. వీరాస్వామి 1836లో కన్నుమూశారు. రెండేళ్లకు, 1838లో, పిళ్లై గారు వాటిని కాశీయాత్ర చరిత్రగా అచ్చు వేయించారు. దిగవల్లి వేంకట శివరావు గారు 1941లో మళ్లీ వెలుగులోకి తెచ్చారు. వ్యావహారిక భాషా ఉద్యమానికి ఎంతో ముందే, మాట్లాడే తెలుగుకు దగ్గరగా సాగిన వచనమది.

తెలుగు బడుల పిల్లలను చూసి మీ సొంత ఊరేదని ఇక్కడ తరచూ అడుగుతారు. చెన్నై అంటే నమ్మరు. మా పిల్లలు తడబడి తాతల ఊరి పేరు చెబుతారు. ఇకపై తడబడనక్కర్లేదని మేము చెబుతున్నాం. తెలుగులో తొలి యాత్రాగ్రంథాల్లో ఒకటి బయలుదేరింది తండయారుపేట నుంచి. దాన్ని కాపాడింది ఈ ఊరి స్నేహం.

ఈసారి విహారయాత్రకు వెళ్లినప్పుడు ప్రతి విద్యార్థీ ఒక నోటుపుస్తకం పట్టుకెళ్లాలి. దారి ఎలా ఉంది, నీళ్లెక్కడ దొరికాయి, బరువు ఎవరు మోశారు అన్నవి రాయాలి. ఫొటోలో పడనివి ఇలాంటివే.