రాజుగారి శిల్పి ఇంట్లో పస్తులు

సంక్రాంతికి కొలువు సర్దుతూ కొండపల్లి బొమ్మల్ని ఒక్కొక్కటే తుడిచి మెట్ల మీద పెడుతుంటాను. పొణికి కర్ర చెక్కి, చింతగింజల ముద్దతో అతికి, సున్నం పూసి, ఆపైన రంగులు వేస్తారు. ఆ వేసిన చేతులు ఎవరివో మనకి తెలీదు. అప్పుడల్లా నాకు లూయిసా రోల్డాన్ గుర్తొస్తుంది.

ఆవిడ 1652లో స్పెయిన్‌లోని సెవిల్‌లో పుట్టింది. తండ్రి పెడ్రో రోల్డాన్ చర్చిలకు కొయ్య విగ్రహాలు చేసే పేరున్న శిల్పి. ఆయన దగ్గరే లూయిసా ఉలి పట్టడం నేర్చుకుంది. 19వ ఏట, అక్కడే పనిచేసే లూయిస్ ఆంటోనియోని చేసుకుంటానంది. తండ్రి ససేమిరా అన్నాడు. పిల్ల మాత్రం తగ్గలేదు. కోర్టుకెక్కి మరీ 1671లో పెళ్ళాడింది.

తరవాత సొంత పనిశాల పెట్టుకున్నారు. చెక్కడం ఆవిడ వంతు, రంగులు మరిది తోమాస్ వంతు. చెక్కడంతో అయ్యేది సగం పనే. కర్రని నున్నగా అరగదీయాలి. జిగురు కలిపిన తెల్ల సుద్దని పూత మీద పూత వేసి, ఆరాక మళ్ళీ అరగదీయాలి. ఎర్రమట్టి పూసి బంగారు రేకు అతికించాలి. దానిమీద రంగు వేసి, సన్నటి పుల్లతో గీకితే కింది బంగారం పువ్వులై, లతలై బయటికొస్తుంది. చూస్తే అచ్చం జరీబట్టే! ముఖానికి చర్మపు ఛాయ, కళ్ళకి గాజు.

ఇంత చేసినా ఒప్పందాల మీద సంతకం భర్తది. కాదిజ్ కెథడ్రల్‌లోని క్రీస్తు విగ్రహం ఆవిడ 1684లో చేసిందేనని తెలిసింది, శతాబ్దాల తరవాత మరమ్మతు చేస్తుంటే దాని లోపల కాగితం దొరికినప్పుడే.

మాడ్రిడ్ వెళ్ళాక, 1692లో రెండో చార్లెస్ రాజు ఆవిడని ఆస్థాన శిల్పిని చేశాడు. స్పెయిన్‌లో ఆ గౌరవం దక్కిన మొదటి మహిళ ఆవిడే. ఎస్కోరియల్ కోసం దేవదూత మైఖేల్‌ని చెక్కింది. రంగులద్దిన చిన్న చిన్న మట్టిబొమ్మల మీద తన పేరూ, పదవీ తనే రాసుకుంది.

పేరైతే వచ్చింది గానీ జీతం రాలేదు. ఖజానా ఖాళీ. కన్నబిడ్డల్లో చాలామంది పసితనంలోనే పోయారు. మిగిలిన ఇద్దరికీ తిండి లేదు, ఉండటానికి చోటు ఇప్పించండి అని రాజుకీ రాణికీ అర్జీలు పెట్టుకుంది. 1701లో కొత్త రాజు ఐదో ఫిలిప్ కూడా పదవి ఇచ్చాడు. రాత మాత్రం మారలేదు. 1706 జనవరిలో, తన దగ్గర ఆస్తేమీ లేదని రాయించి, కొద్దిరోజులకే కన్నుమూసింది. రోమ్‌లోని సెయింట్ లూక్ అకాడమీ ఆవిడని సభ్యురాలిగా చేర్చుకున్నది కూడా ఆ సమయంలోనే.

ఆవిడ చెక్కిన, మరిది రంగులద్దిన నిలువెత్తు సెయింట్ హినేస్ విగ్రహం ఇవాళ లాస్ ఏంజిలిస్‌లోని గెట్టీ మ్యూజియంలో ఉంది. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు. కానీ మెచ్చుకోలుతో పొయ్యి వెలగదు కదా! అందుకే పండగ ముందు బొమ్మల దుకాణంలో బేరమాడబోతే, ఆ అర్జీలు గుర్తొచ్చి నా నోరు ఆగిపోతుంది.