అయిదు బొమ్మల్లో ఒక సామ్రాజ్యం: థామస్ కోల్

మన పిల్లలు ఇక్కడి పాఠాల్లో హడ్సన్ రివర్ స్కూల్ అనే మాట వింటూ ఉంటారు. అది బడి కాదు, కొండల్నీ నదుల్నీ గీసిన చిత్రకారుల బృందం. దానికి ఆద్యుడిగా చెప్పుకునే థామస్ కోల్ కూడా మనలాగే ఈ దేశానికి వలస వచ్చినవాడే.

కోల్ 1801లో ఇంగ్లండులోని బోల్టన్‌లో పుట్టాడు. బట్టల మిల్లుల ఊరు కాబట్టి చిన్నప్పుడే అద్దకం అచ్చులు చెక్కే పనిలో చేరాడు. 1818లో కుటుంబమంతా అమెరికా వచ్చింది. ఒహాయోలో తండ్రి గోడలకు అంటించే రంగు కాగితాలు తయారుచేస్తే, కోల్ అందులో సాయం చేస్తూ బొమ్మలు వేయడం చాలావరకు సొంతంగా నేర్చుకున్నాడు. 1825లో కాట్‌స్కిల్ కొండలు చూసి వచ్చి వేసిన మూడు చిత్రాలు న్యూయార్క్‌లో ఒక్కొక్కటి 25 డాలర్లకు అమ్ముడుపోయాయి. కొన్న ముగ్గురూ చిత్రకారులే!

1829లో యూరప్ వెళ్ళి సుమారు మూడేళ్ళు ఉన్నాడు. రోములో కూలిన గోడల మధ్య తిరిగాడు. అంత గొప్ప రాజ్యం ఎలా నేలమట్టమయిందో చిత్రాల్లో చెప్పాలన్నది ఆయన కోరిక. కిరాణా టోకు వ్యాపారంలో బాగా సంపాదించిన ల్యూమన్ రీడ్ 1833లో అందుకు డబ్బు పెట్టడానికి ముందుకొచ్చాడు.

అలా పుట్టినదే 'సామ్రాజ్య గమనం', అయిదు చిత్రాల వరుస. మొదటి దానిలో తెల్లవారుజాము, వేటగాళ్ళు. రెండోది మాకు చాలా ఇష్టం: ఒక ముసలాయన పుల్లతో నేలమీద లెక్కల బొమ్మ గీస్తుంటాడు, ఒక పిల్లవాడు రాతిమీద ఏదో బొమ్మ వేస్తుంటాడు. మూడోది మిట్టమధ్యాహ్నం. పాలరాతి మేడలు, విజయోత్సవం, జనసందోహం. అన్నిటికన్నా పెద్ద చిత్రం అదే. నాలుగోదానిలో శత్రువులు నగరాన్ని తగలబెడుతుంటారు. అయిదోదానిలో మనుషులే లేరు. వెన్నెల్లో ఒంటరి స్తంభం, దానిమీద కొంగ గూడు.

పని పూర్తికాకుండానే 1836 జూన్‌లో రీడ్ మరణించాడు. ఆయన కుటుంబం మాట తప్పలేదు. ఆ ఏడాదే న్యూయార్క్‌లో ప్రదర్శన జరిగింది. అమెరికా పుట్టి అప్పటికి 60 ఏళ్ళే. సంపద, రైళ్ళు, కొత్త ఊళ్ళు అంటూ అందరూ ఉత్సాహంగా ఉన్న రోజుల్లో, మూడో చిత్రం తర్వాత నాలుగోది వస్తుందని గుర్తుచేయడం చిన్న ధైర్యం కాదు. ఆయన ఇష్టపడిన కాట్‌స్కిల్ లోయలోనే చెట్లు నరికేశారు. 1843లో అక్కడి దృశ్యాన్ని మళ్ళీ గీసినప్పుడు మోడులనూ, దూరంగా రైలునూ చూపించాడు.

1848లో, 47 ఏళ్ళకే, కాట్‌స్కిల్‌లో కన్నుమూశాడు. అయిదు చిత్రాలూ న్యూయార్క్‌ హిస్టారికల్ సొసైటీ సేకరణలో ఉన్నాయి. అన్నిటిలోనూ ఒకే కొండ కనిపిస్తుంది, దాని కొసన ఒక పెద్ద బండ. అది ఏ బొమ్మలో ఎటు జరిగిందో పిల్లల్నే వెతకమనండి.