చింపిన బైబిలు, చదివిన బైబిలు



ఈ వారం వీడియోలో భక్త్ సింగ్ గారి సాక్ష్యం చెప్పాను కదా. టైం సరిపోక వదిలేసిన సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నా.

మాది కోరుట్ల. జగిత్యాల దగ్గర ఇంజనీరింగ్ చదివి, ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. సిరిసిల్లలో మా చిన్నమ్మ కొడుకు ఉన్నాడు. పోయిన ఏడాది ఒక యూత్ మీటింగ్‌కి వాణ్ని నేనే తీసుకెళ్లా. అన్నా, ఒకే సంగతిని నాలుగు సువార్తలు నాలుగు రకాలుగా ఎందుకు చెప్తున్నాయి అని అడిగాడు. నాకు తెలియదు. తెలియదని చెప్పడానికి సిగ్గేసి, ప్రశ్నలు ఎందుకురా, నమ్మితే చాలు అనేశా. ఆ తర్వాత వాడు మందిరానికి రావడం మానేశాడు.

భక్త్ సింగ్ గారి జీవితం చదువుతుంటే ఆ మాటే నన్ను పొడిచింది.

ఆయన 1903లో పంజాబ్‌లోని జోయియా గ్రామంలో సిక్కు కుటుంబంలో పుట్టారు. మిషన్ స్కూల్లో చదివినా క్రైస్తవ్యం అంటే గిట్టేది కాదు. చేతికి వచ్చిన బైబిలును చింపేసి, బాగుందని అట్ట మాత్రం ఉంచుకున్నారు. 1926లో లండన్ వెళ్లి మెకానికల్ ఇంజనీరింగ్ చదివారు. తర్వాత కెనడాలోని విన్నిపెగ్‌లో వ్యవసాయ ఇంజనీరింగ్‌లో చేరారు. 1929 డిసెంబరులో ఒక స్నేహితుణ్ణి అడిగి కొత్త నిబంధన తీసుకున్నారు. రాత్రి పొద్దుపోయేదాకా చదివారు. యోహాను సువార్త 3వ అధ్యాయం దగ్గర ఆయన మనసు మారింది.

ఆ అధ్యాయంలో ఎవరున్నారో గుర్తుందా? నీకొదేము. రాత్రిపూట ప్రశ్నలతో వచ్చిన పండితుడు. ముసలివాడు మళ్లీ ఎట్లా పుడతాడని సూటిగానే అడిగాడు. యేసు ప్రభువు ఆయన్ను వెళ్లగొట్టలేదు, కూర్చోబెట్టి మాట్లాడాడు.

భక్త్ సింగ్ గారు బాప్తిస్మం తీసుకుంది 1932లో, వాంకూవర్‌లో. అంటే రెండేళ్లు దాటాక. 1933లో బొంబాయిలో దిగినప్పుడు, కుటుంబం పరువు కోసం విశ్వాసం బయటపెట్టొద్దని తల్లిదండ్రులు బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు. ఇల్లు దూరమైంది. తాను చదివి తెలుసుకున్నది కాబట్టి అంత నష్టంలోనూ నిలబడగలిగారని నాకనిపిస్తుంది.

సంఘం విషయంలోనూ అంతే. అప్పటికే నడుస్తున్న పద్ధతులను అపొస్తలుల కార్యములతో పోల్చి చూసుకున్నారు. 1941లో మద్రాసులో, ఆ తర్వాత మన హైదరాబాద్‌లో హెబ్రోను దగ్గర సంఘాలు కట్టారు. 2000 సెప్టెంబరు 17న ప్రభువునందు నిద్రించారు. అప్పటికి నాకు ఊహే తెలియదు.

మా ఆఫీసులో ఒకరు రాసిన కోడ్‌ను ఇంకొకరు చూసి ఓకే చేయాలి. చదవకుండా ఓకే కొట్టేవాళ్లుంటారు, చదవకుండా రిజెక్ట్ చేసేవాళ్లూ ఉంటారు. ఇద్దరిదీ ఒకటే తప్పు, చదవకపోవడం. యవ్వనంలో భక్త్ సింగ్ గారు చేసింది రెండోది. నేను మా తమ్ముడికి నేర్పబోయింది మొదటిది. హేతువాదం పేరుతో చింపడమూ, విశ్వాసం పేరుతో కళ్లు మూసుకోవడమూ నాకిప్పుడు అక్కాచెల్లెళ్లలా కనిపిస్తున్నాయి.

చదివితే అన్నిటికీ జవాబు దొరుకుతుందని నేను అనను. విశ్వాసం లెక్కలాగ తేలేది కాదు. కానీ బెరయ వాళ్లు పౌలు చెప్పిన మాటను కూడా లేఖనాల్లో వెతికి చూసుకున్నారు. దానికి వాళ్లను బైబిలు మెచ్చుకుంది, తిట్టలేదు.

మొన్న తమ్ముడికి ఫోన్ చేసి, ఆ రోజు నాకు జవాబు తెలియక అట్లా అన్నానురా అని ఒప్పుకున్నా. ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు ఫోన్‌లోనే ఇద్దరం లూకా సువార్త చదువుతున్నాం. అన్నీ జాగ్రత్తగా విచారించి రాస్తున్నానని లూకా మొదట్లోనే చెప్తాడు, అక్కడి నుంచే మొదలుపెట్టాం. వాడు ఇంకా మందిరానికి రావట్లేదు. ప్రశ్నలు మాత్రం తెస్తున్నాడు.

మీ ఇంట్లో కూడా అట్లా అడిగే పిల్లలుంటే దయచేసి నోరు మూయించకండి. మా తమ్ముడి కోసం ప్రార్థన చేయండి, నా కోసం కూడా.

దేవుడు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.